మొదటి సిజేరియన్ ఇండియాలో, రెండో కాన్పు అమెరికాలో

మొదటి బిడ్డ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆపరేషన్‌తో పుట్టాక అమెరికా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే: "ఇక్కడి డాక్టరు ఈసారి నార్మల్‌కి ప్రయత్నిద్దామా అంటోంది. ఒకసారి కోశాక నార్మల్ ఎలా అవుతుందండీ?"

అనుమానం సహజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం సిజేరియన్లే. మొదటిది ఆపరేషనైతే రెండోదీ అంతేనని మన ఇళ్లలో ముందే తీర్మానించేస్తారు.

అసలు తేల్చుకోవాల్సింది గర్భసంచి మీద కోత ఎలా పెట్టారన్నది. పొట్టమీది మచ్చ చూసి అది చెప్పలేం. కింది భాగంలో అడ్డంగా కోసి ఉంటే, నొప్పుల్లో పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం సాధారణంగా ఒక శాతం లోపే. నిలువు కోతైతే ప్రమాదం చాలా ఎక్కువ కాబట్టి నొప్పులు మొదలవకముందే ఆపరేషన్ చేసేస్తారు. అందుకే డిశ్చార్జ్ సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్స్ కూడా తెప్పించుకోండి. అమ్మానాన్నల్లో ఎవరైనా ఆసుపత్రికి వెళ్లి అడిగితే వాట్సాప్‌లో వచ్చేస్తాయి. అందులో 'ఎల్‌ఎస్‌సీఎస్' అని ఉంటే కోత కింది భాగంలో పెట్టినట్టే.

అప్పుడు ఆపరేషన్ ఎందుకు చేశారన్నదీ ముఖ్యమే. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని చేసి ఉంటే ఈసారి నార్మల్ అయ్యే అవకాశం బాగానే ఉంటుంది. మొత్తమ్మీద ప్రయత్నించినవాళ్లలో 60 నుంచి 80 శాతం మందికి నార్మల్ అవుతుంది. కానివాళ్లకు మాత్రం నొప్పులూ తప్పవు, ఆపైన కోతా తప్పదు. ముందే అనుకుని చేసే ఆపరేషన్ కన్నా అందులో ఇబ్బందులు ఎక్కువ. ఇది దాచి "నార్మలే మంచిది" అని ఊదరగొట్టేవాళ్ల మాట నేను నమ్మను. పైగా అన్ని ఆసుపత్రులూ దీనికి ఒప్పుకోవు, మొదటి విజిట్‌లోనే అడగండి.

మూడో బిడ్డ కూడా కావాలనుకుంటే ఇంకాస్త ఆలోచించాలి. సిజేరియన్లు పెరిగేకొద్దీ, తర్వాతి కాన్పులో మాయ పాత కోత దగ్గర గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. అలా జరిగితే విపరీతంగా రక్తం పోతుంది, ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది.

మళ్లీ ఆపరేషనే అనుకుంటే, మామూలుగా 39 వారాలు నిండాకే తేదీ ఇస్తారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఆ జాగ్రత్త. ముహూర్తం ముందుకు జరపమని బతిమాలినా వినరు, వినకపోవడమే మేలు. ఇన్సూరెన్స్‌లో కాన్పు కవరేజీ ఉంటే సిజేరియన్‌కు కనీసం 96 గంటలు ఆసుపత్రిలో ఉండటానికి చట్టం ఒప్పుకుంటుంది.

ఇంటికొచ్చాక పథ్యం గొడవ మొదలవుతుంది. పప్పు తిన్నంత మాత్రాన కుట్లు చీము పట్టవు. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వచ్చి కుట్లకే బాధ. నెమ్మదిగా నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. 100.4 డిగ్రీల జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, ఒక కాలు మాత్రమే వాయడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయాసమో ఛాతీనొప్పో వస్తే, "బాలింతకు మామూలేలే" అని ఎవరన్నా సరే, ఆగకుండా 911కి చేయండి.