బ్రోకలీ ఎవరడిగారమ్మా?

ప్రశ్న: మాది అనంతపురం, పదేళ్ళుగా బెంగళూరు కేఆర్ పురం దగ్గర ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ సైటు, దాన్నానుకుని రేకుల షెడ్లు. రాయచూరు, యాదగిరి, కర్నూలు నుంచి బిల్డింగ్ పనికొచ్చిన కుటుంబాలు, నాలుగిళ్ళు బెంగాలీవాళ్ళు. ఓనర్ వాడుకోమన్నాడని మేం ఐదారుగురం కలిసి వాళ్ళకోసం కమ్యూనిటీ గార్డెన్ మొదలుపెట్టాం, బ్రోకలీ, లెట్యూస్, చెర్రీ టమాటా విత్తనాలు మేమే కొనిచ్చాం, ప్రతి ఆదివారం పొద్దున పదింటికి రమ్మన్నాం. మొదటివారం ఇరవైమంది, రెండోవారం ముగ్గురు, ఇప్పుడు ఎవరూ రావట్లా. ఇంట్రెస్ట్ లేదేమో, వదిలేద్దామా?
– ఒక పాఠకురాలు

జవాబు: తోట వదలకండి, బ్రోకలీ వదిలెయ్యండి. కోప్పడకండి గానీ, ఏం వేద్దామని వాళ్ళనొక్కసారైనా అడిగారా? ఆ ఆడవాళ్ళలో సగంమంది పుట్టినకాడ్నుంచి చేలో కలుపు తీసినవాళ్ళే అయ్యుంటారు, వాళ్ళకి మనం సేద్యం నేర్పడమేంటి, మనమే పక్కన నిలబడి నేర్చుకోవాలి. పైగా శనివారం బటవాడా, ఆదివారం పొద్దున సంత, బట్టలుతుక్కోడం, పిల్లలకి తలంట్లు, వారానికి వాళ్ళకున్నది ఆ ఒక్క పూటే, దాన్నే మీరడిగారు! సాయంత్రం పనినుంచి వచ్చాక పది నిమిషాలు ఎవరి మడికి వాళ్ళు నీళ్ళు పోసుకునేలా పెట్టండి.

జర్మనీలో గోటింగెన్ అనే ఊళ్ళో, బోస్నియా యుద్ధం నుంచి పారిపోయొచ్చిన ఆడవాళ్ళని ఇక్కడ మీకేం వెలితిగా ఉందని అడిగితే, మా తోటలు అన్నారట. 1996లో అలా మొదలైన అంతర్జాతీయ తోటలు తర్వాత ఆ దేశంలో చాలా ఊళ్ళకి పాకాయి. చూడండి, అడగడంతోనే మొదలైంది. అక్కడ కూడా ఒక్కో కుటుంబానికి ఒక్కో మడి. అందరిదీ అంటే చివరికి ఎవరిదీ కాదు, మన అపార్ట్‌మెంట్ మెట్లమీద లైటు సంగతి తెలుసుగా.

ఇక ఏం వెయ్యాలంటే, మన గోంగూరే రాయచూరువాళ్ళకి పుండి, జొన్నరొట్టెలోకి పుండి పల్యె లేకపోతే వాళ్ళకి ముద్ద దిగదు, తెలంగాణలో పుంటికూర అంటాం చూడండి, అదే. బచ్చలి బెంగాలీవాళ్ళకి పుయి శాక్. తోటకూర అందరికీ కావాలి. హెసరఘట్టలో ఉన్న ఐఐహెచ్‌ఆర్ (కేంద్ర ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ళ అర్క సుగుణ రకం తోటకూర అయితే నెలరోజుల్లోపే మొదటి కోత, తర్వాత కోసేకొద్దీ చిగురేస్తుంది. ఇది ముఖ్యం ఎందుకంటే స్లాబ్ పని అయిపోగానే మేస్త్రీ ఆ కుటుంబాన్ని ఇంకో సైటుకి తీసుకెళ్ళిపోతాడు, ఆరునెలల పంట వేస్తే తినేది ఇంకెవరో. అందుకే కొన్ని సిమెంట్ బస్తాలు బాగా కడిగి వాటిల్లో కూడా పెంచండి, వెళ్ళేవాళ్ళు ఎత్తుకుపోతారు.

మట్టి గురించి ఒకమాట. ఖాళీ సైటంటే కింద గోడపెళ్ళలు, పెయింట్ పెచ్చులు, ఏదో ఒకటి ఉంటుంది, పాత పెయింట్‌లో సీసం అనే విషలోహం ఉండొచ్చు, అది మట్టిలోంచి ఆకుల్లోకి చేరొచ్చు, మనం వేసేది ఆకుకూర కాబట్టి నేరుగా నేలలో వెయ్యద్దు. ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు మడి కట్టి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపండి. ఇటుకలెలా పేర్చాలో వాళ్ళకి చెప్పక్కర్లేదులెండి.

నీళ్ళకి కావేరి కనెక్షన్ జోలికి పోవద్దు. 2024 మార్చిలో నీటి కరువొచ్చినప్పుడు తాగునీళ్ళు మొక్కలకి పోస్తే 5,000 ఫైన్ అన్నారు గుర్తుందా, మళ్ళీ ఏ ఎండాకాలమైనా అనొచ్చు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు మీ ఫ్లాట్లలోంచే బకెట్లలో దింపితే చాలా మడులకి సరిపోతాయి. మురికికాలవ నీళ్ళు మాత్రం ఎంత ఈజీగా దొరికినా వద్దే వద్దు.

ఓనర్ నోటిమాట నమ్ముకోకండి, 11 నెలలకి అని ఒక కాగితం రాయించుకోండి, ఏడాది దాటిన లీజైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది, ఆ తలనొప్పెందుకు.

జూన్, జులైలో గోంగూర చల్లేస్తే వానలకి గుబురుగా ఆకొస్తుంది. పగళ్ళు పొట్టిపడ్డాక వేస్తే జానెడు ఎదగకుండానే పూతకొచ్చేస్తుంది. బ్రోకలీ విత్తనాలు మిగిలుంటే చలికాలం దాకా దాచుకోండి, మీ బాల్కనీలోకి పనికొస్తాయి.