టెన్షన్ వల్ల పేగు గోడ నిజంగా దెబ్బతింటుందా? నాకు తెలిసినంతలో

మీరు అడిగింది ఇదీ: పనిలో ఒత్తిడి పెరిగినప్పటి నుంచి కడుపు ఉబ్బరం, మోషన్స్ తేడాగా ఉన్నాయి, ఎవరో 'లీకీ గట్' (పేగు గోడ వదులై లీకవడం) అన్నారు, అది నిజమా, దానికి టెస్టు కిట్టూ పౌడరూ కొనాలా అని.

ఒత్తిడికి పేగు గోడ వదులవుతుందన్నది నిజమేనండి, కొలిచి చూసిన విషయమే. కానీ 'లీకీ గట్ సిండ్రోమ్' పేరుతో అలసట నుంచి జుట్టు రాలడం దాకా అన్నిటికీ అదే కారణమని చెప్పి అమ్మే సరుకు సంగతి వేరు. వైద్యంలో ఆ పేరుతో నిర్ధారించే జబ్బు ఏదీ లేదు. పేగు గోడ వదులు కావడం మాత్రం సీలియాక్ (గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడని జబ్బు), క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) లాంటి వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది.

నాకు ఈ గొడవ మొదలైంది ఆఫీసులో ఒక ప్రాజెక్టు గడువులు మాటిమాటికీ మారుతున్న రోజుల్లో. రాత్రి షిఫ్టు, పగలు ముక్కలు ముక్కలుగా నిద్ర, వేళాపాళా లేని తిండి, కుర్చీలోనే గంటలు గడిపేసరికి మెడనొప్పి, దానికి మాత్రలు. ముందు ఉబ్బరం వచ్చింది. ఆ తర్వాత ముఖ్యమైన మీటింగ్ ఉందంటే చాలు బాత్రూమ్‌కి పరుగు. డాక్టర్ రక్తపరీక్ష, సీలియాక్ పరీక్ష, పేగుల్లో వాపు ఉందేమో చూసే మలపరీక్ష (కాల్‌ప్రొటెక్టిన్) చేయించారు. అన్నీ నార్మల్. ఐబీఎస్ (పరీక్షల్లో ఏ జబ్బూ కనిపించకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం, మోషన్స్‌లో తేడా ఉండే సమస్య) అని తేల్చారు. ఆయన తిండి గురించి కంటే ముందు అడిగింది 'ఏయే మాత్రలు వేసుకుంటున్నారు?' అని. అదెందుకో తర్వాత చదివితే అర్థమైంది.

పేగు లోపలి గోడ అంటే ఒకే ఒక్క వరుస కణాలు. వాటి మీద జిగురుగా ఉండే మ్యూకస్ పొర. కణానికీ కణానికీ మధ్య సందుని ప్రొటీన్లు పట్టి ఉంచుతాయి, వాటిని టైట్ జంక్షన్లు అంటారు. బట్టకి వేసిన కుట్టు లాంటివే, కాకపోతే శరీరమే అవసరాన్ని బట్టి ఈ కుట్టుని కాస్త వదులు చేస్తుంది, మళ్లీ బిగిస్తుంది. అంటే గోడ 'లీక్' కావడమన్నది ఉందా లేదా అని అడిగే విషయం కాదు, ఎంత, ఎంతసేపు అన్నదే లెక్క. కుట్టు ఎక్కువసేపు వదులుగా ఉంటే బ్యాక్టీరియా ముక్కలు లోపలికి జారి, అక్కడున్న రోగనిరోధక కణాలను రెచ్చగొడతాయి.

టెన్షన్ దాకా వస్తే, బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా నచ్చింది. ఆరోగ్యంగా ఉన్న విద్యార్థుల చేత జనం ముందు ఉపన్యాసం ఇప్పించారు. లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు చక్కెరలు తాగించి, మూత్రంలోకి ఏది ఎంత వచ్చిందో చూశారు. పెద్ద అణువైన లాక్టులోజ్ మామూలుగా పేగు గోడని పెద్దగా దాటదు, దాటిందంటే గోడ వదులైనట్టు. ఉపన్యాసం ఇచ్చినవాళ్లలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ బాగా పెరిగిన వాళ్లకే చిన్నపేగు వదులైంది. షాక్ కొడతామని భయపెట్టిన ప్రయోగంలో మాత్రం ఏ తేడా రాలేదట! కరెంటు షాక్ కంటే మైకు ముందు నిలబడడమే పేగుకి కష్టమన్నమాట. నా మీటింగుల సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కారణం కూడా ఆ ప్రయోగంలోనే కొంత దొరికింది. ఒత్తిడిలో మెదడు విడుదల చేసే సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని ఇంజెక్షన్‌గా ఇచ్చినా పేగు వదులైంది. పేగు గోడలో ఉండే మాస్ట్ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) హిస్టమిన్‌లాంటి రసాయనాలు విడుదల చేయకుండా ఆపే మందు ముందే ఇస్తే ఆ తేడా రాలేదు. అంటే 'అంతా నీ మనసులోనే ఉంది' అనేవాళ్లది సగం మాటే. మనసులో మొదలైనా పని జరుగుతున్నది పేగులోనే.

ఇక అదే ప్రయోగంలో పేగు కచ్చితంగా వదులు కావాలని, పోల్చి చూసుకోవడానికి వాళ్లు వాడింది ఏమిటో తెలుసా? ఇండోమెథాసిన్ అనే పెయిన్ కిల్లర్. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఆ కుటుంబానివే. డాక్టర్ ముందు మాత్రల గురించి అడిగింది అందుకు. నా మెడనొప్పికి ఆయన పారాసిటమాల్‌కి మార్చి, ఫిజియోథెరపీకి పంపారు. అన్ని మార్పుల్లో నాకు త్వరగా తేడా తెలిసింది దీనివల్లే అనుకుంటున్నాను. మీరు గుండెకోసమో కీళ్లకోసమో ఇలాంటి మందు వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి, అడిగి మార్చుకోండి.

మద్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అది విరిగినప్పుడు వచ్చే అసిటాల్డిహైడ్ ఆ కుట్టునే పాడు చేస్తుంది.

పీచు సంగతి ఆసక్తిగా ఉంటుంది. పెద్దపేగులో బ్యాక్టీరియా పీచుని పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది, అక్కడి కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. 2016లో ఎలుకల మీద చేసిన ఒక అధ్యయనంలో పీచు అందనప్పుడు అదే బ్యాక్టీరియా మ్యూకస్ పొరని తినడం మొదలుపెట్టింది. ఎలుకల్లో కనిపించిందంతా మనుషులకి అలాగే వర్తిస్తుందని అనలేం, కానీ టెన్షన్‌లో ఉన్నప్పుడు మనం తినేది ఎక్కువగా పీచులేని ప్యాకెట్ తిండే కాబట్టి పట్టించుకోదగ్గదే. నేను పప్పులు, కూరగాయలు, పండ్లు కొద్దికొద్దిగా పెంచాను. ఒక్కసారిగా పెంచితే గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది, ముఖ్యంగా ఐబీఎస్ ఉన్నవాళ్లకి. నిద్రవేళ, తినేవేళ రోజూ ఒకటే ఉండేలా షిఫ్టు మార్పించుకున్నాను. అందరికీ కుదరదని తెలుసు. టెన్షన్ మాత్రం పోలేదు, ఉద్యోగం అదే కదా. కాకపోతే ఐబీఎస్‌కి కౌన్సెలింగ్‌లో ఆలోచించే తీరునీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే పద్ధతి వాడతారు, నాకు అది బాగానే పనిచేసింది.

మంచి విషయం ఒకటుంది. పేగు లోపలి కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో కొత్తవి వచ్చేస్తాయి. దెబ్బతీసేది ఆగితే గోడ తనని తాను సరిచేసుకోగలదు, దానికోసం ఖరీదైన 'గట్ రిపేర్' ప్యాకేజీలు అక్కర్లేదు.

కిట్ల గురించి అడిగారు కదా. జాన్యులిన్ (ఆ కుట్టుని వదులు చేసే ప్రొటీన్) టెస్టు అని అమ్మే కిట్లు చాలావరకు అసలు ఆ ప్రొటీన్‌ని కాకుండా వేరేవాటిని పట్టుకుంటున్నాయని పరిశోధకులే తేల్చారు. కొనకండి. గ్లుటమిన్ (ఒక అమైనో ఆమ్లం) పౌడర్ పనిచేసినట్టు 2019లో ఒక ట్రయల్ వచ్చిన మాట నిజం. కానీ అది కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చిపోయాక విరేచనాలతో ఐబీఎస్ పట్టుకున్నవాళ్లలో, పేగు వదులైందని ముందే కొలిచి చూసి, రోజుకి 15 గ్రాములు ఇచ్చి చేసింది. టెన్షన్‌లో ఉన్న ప్రతివాళ్లకీ అది వర్తించదు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, లేదా 50 దాటాక కొత్తగా మొదలైన మార్పు ఉంటే ఒత్తిడి ఖాతాలో వేసి కూర్చోకుండా వెంటనే గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ని కలవండి. అవేవీ లేకపోయినా ఇది వారాల తరబడి ఉంటే ఒకసారి వెళ్లడం మంచిది. వెళ్లేటప్పుడు మీరు వేసుకునే మాత్రలన్నిటి పేర్లూ, షాపులో అడిగి తెచ్చుకున్నవి సహా, ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి.