పర్యావరణం డబ్బున్నోళ్ల సోకా?

ప్రశ్న: మా వీధి వెనక వంక క్యారీ బ్యాగులతో పూడిపోయింది. వానొస్తే మురుగు ఇళ్లలోకి వస్తోంది. డిగ్రీ చదివే మా అమ్మాయి మున్సిపాలిటీకి ఇవ్వడానికి సంతకాలు సేకరిస్తానంటే మా ఆయన ఆపేశారు. "పర్యావరణం డబ్బున్నోళ్ల సోకు, మన దేశంలో ముందు కడుపు నిండనీ" అంటారు. నిజమేనా?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ ఆయన మాటే ఒకప్పుడు పెద్ద పెద్ద ప్రొఫెసర్లూ అన్నారు. ఆకలి తీరాకే మనిషికి చెట్టూ చేమా గుర్తొస్తాయని పాశ్చాత్య దేశాల్లో ఒక సిద్ధాంతమే నడిచింది. 1992లో గాలప్ సంస్థ 24 దేశాల్లో జనాన్నే అడిగి చూసింది. మన దేశమూ అందులో ఉంది. బీద దేశాల వాళ్లకు ఈ బెంగ ధనిక దేశాల వాళ్లకంటే ఏమీ తక్కువ లేదని తేలింది. పైగా మా ఊరి నీళ్లు బాగాలేవు, మురుగు భరించలేకపోతున్నాం అని గట్టిగా చెప్పింది బీద దేశాల వాళ్లే.

అట్లని మీ ఆయన్ను కొట్టిపారేయలేను. మా మేనత్త ఊరు రోళ్లపాడు పక్కనే (ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది, నా నోటికి మాత్రం ఇంకా కర్నూలు జిల్లానే). బట్టమేక పిట్ట కోసమని 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. మీటరు ఎత్తుండే ఆ పిట్టకు చెట్లు అక్కర్లేదు, గడ్డి బీడు కావాలి. నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. కాపలా పెట్టాక కృష్ణజింకలు కూడా పెరిగాయి. వాటికి అభయారణ్యం ఎక్కడిదాకో, మామ చేను ఎక్కడినుంచో ఏం తెలుసు? ఆయన రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేవాడు. కాస్త కునుకు తీస్తే చాలు, తెల్లారేసరికి శనగ సాళ్లలో మోళ్లే మిగిలేవి. "పిట్ట పేరు చెప్పి నా చేను జింకలకు రాసిచ్చినారు" అనేవాడు. ఆ పొద్దు ఎవరైనా సర్వేకి వచ్చుంటే, ఈయనకు పర్యావరణం పట్టదని రాసుకుని పోయేవాళ్లు. అదే మనిషి, చేలో పిట్ట గుడ్డు కనబడితే గుంటకను పక్కకు తిప్పి తోలేవాడని అత్త చెప్పేది. పిట్ట ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. తప్పెవరిదంటే ఒక్కరి పేరు చెప్పలేను గానీ, పిట్టను కాపాడే ఖర్చు మాత్రం చుట్టుపక్కల రైతుల నెత్తినే పడింది.

ఇంకో సంగతి. 2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. అక్కడున్నది సోకులు చేసే షావుకార్లా? వాన కోసం మొగులు చూసే మెట్ట రైతులు. వాళ్ల భయం నీళ్ల గురించి, పంట గురించి.

అందుకే మీ అమ్మాయికి ఒక్క సలహా. కాగితం మీద 'పర్యావరణ పరిరక్షణ' అని రాయొద్దనండి. ఎన్ని ఇళ్లలోకి మురుగొచ్చింది, ఎంతమందికి జ్వరాలొచ్చాయి, వంక పక్కన బోరు నీళ్లు ఎవరు వాడుతున్నారు, అవి రాయమనండి. క్యారీ బ్యాగుల సంగతి రాసేటప్పుడు కొంచెం జాగ్రత్త. 120 మైక్రాన్ల కంటే పలచనివి 2022 డిసెంబరు 31 నుంచే నిషేధం. తయారుచేసే చోటు వదిలేసి, తోపుడుబండి మీద టమోటాలు అమ్ముకునే ఆమెకు జరిమానా వేస్తే, ఆమె కూడా మా మామ మాటే అంటుంది.

మొదటి సంతకం మీ ఆయన్నే అడగమనండి. ఇంట్లోకొచ్చిన మురుగును బకెట్లతో ఎత్తిపోసేది ఆయనే కదా? లేక అదీ మీ పనేనా?