కుర్చీ కాలు మళ్లీ ఊడకుండా ఉండాలంటే

ప్రశ్న: పాత టేకు కుర్చీ కాలు ఊడితే తెల్ల జిగురు రెండుసార్లు పెట్టాను, నిలవలేదు. ఎపాక్సీలో రంపపు పొట్టు కలిపితే గట్టిగా ఉంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. తెల్ల జిగురు ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది, వదులైన సందును నింపలేదు. ముందు పాత జిగురంతా గీకేయండి, దయచేసి ఇది మాత్రం వదిలేయొద్దు, చాలా అతుకులు ఊడేది ఇక్కడే. ఎపాక్సీలోని రెండు భాగాలు, అంటే రెజిన్ (అసలు జిగురు), హార్డెనర్ (దాన్ని గట్టిపరిచేది), ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లలో కలిపి, కొంచెం ఉత్త ఎపాక్సీని చెక్క పీల్చుకునేలా రెండువైపులా పూసి, మిగిలినదాంట్లో జల్లించిన పొడి పొట్టు కొద్దికొద్దిగా వేస్తూ గారెల పిండంత చిక్కబడ్డాక సందులో కూరండి. పొట్టు మరీ ఎక్కువైతే చెక్కను పట్టదు. తాడుతో బిగించి ఒక రోజంతా కదపొద్దు. బరువు బాగా పడే చోట సన్నగా కత్తిరించిన గాజు నార కూడా కలపొచ్చు, కానీ గ్లౌజులు, మాస్కు తప్పనిసరి.