కుర్రాణ్ణి అప్పుడే వదిలేయకండి
రెండో ఏడు కూడా పాసులు గురి తప్పుతున్నాయి, అమెరికన్ ఫుట్‌బాల్‌లో మా టీమ్ ఈ క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరి ఆట నడిపేవాణ్ణి) వదిలించుకోవాలా అని అడిగారు కదండీ. నేనైతే తొందరపడొద్దంటాను. బఫెలో బిల్స్ టీమ్ క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్‌నే చూడండి. 2018లో అతని పాసుల్లో తనవాళ్లకు చేరినవి 52.8 శాతమే. మరుసటేడు 58.8, 2020లో ఏకంగా 69.2! చేతిబలం మొదట్నుంచీ ఉంది. ఆటల్లేని నెలల్లో కూర్చుని అడుగులు, విసిరే తీరు సరిచేసుకున్నాడు. ఆ మూడేళ్లూ అఫెన్స్ (దాడి ఆట) నడిపింది కోచ్ బ్రయాన్ డేబోలే, కాబట్టి ఏటా కొత్త ప్లేబుక్ (ఎత్తుగడల పుస్తకం) బట్టీపట్టే బాధ తప్పింది. మీవాడికి రెండేళ్లలో ఇద్దరు కోఆర్డినేటర్లు (అఫెన్స్ నడిపే కోచ్‌లు) అన్నారు, నాకు అసలు తేడా అక్కడే కనిపిస్తోంది. పైగా 2020లో బిల్స్ వాళ్లు రిసీవర్ (పాసులు పట్టేవాడు) స్టెఫాన్ డిగ్స్‌ని తెచ్చారు, ఆ సీజన్లో 127 క్యాచ్‌లతో లీగ్‌లోనే మొదటివాడు. అందరూ అలెన్‌లు కారులెండి. అయినా కోచ్‌ని కదపకుండా, ఓ మంచి రిసీవర్‌నిచ్చి ఇంకో ఏడాది చూడాలి.