బీరువా తాళం ఎప్పుడు తీస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి చదివే ప్రాథమికోన్నత పాఠశాలలో కథల పుస్తకాలన్నీ బీరువాలోనే ఉన్నాయి. అడిగితే "పోతే ఎవరు కట్టాలి?" అంటున్నారు. ఏం చేయాలండీ?

జవాబు: ఆ భయం నిజమేనమ్మా. స్టాకు రిజిస్టరులో లెక్క తగ్గితే చార్జి తీసుకున్న టీచరునే అడుగుతారు. అందుకే చిరిగినవీ పోయినవీ ఏటా లెక్క తేల్చి కొట్టివేతకు, అంటే రిజిస్టరు లెక్కలోంచి తీసేయడానికి, పంపాలని ముందు తల్లిదండ్రులుండే బడి యాజమాన్య కమిటీలో తీర్మానం రాయించండి. గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతోంది, మొహమాటపడకండి.

అసలు చిక్కు మనిషి దగ్గర. లైబ్రరీ చూసే టీచరుకు వారానికి రెండు పీరియడ్లయినా తగ్గించాలి. లేదంటే నెల తిరక్కుండా తాళం పడుతుంది. ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు ఏడో తరగతి పిల్లలు రాస్తారు: తేదీ, పుస్తకం నంబరు, పేరు, సంతకం. మూడో తరగతికి లావు పుస్తకాలిస్తే తెరవకుండానే తిరిగొస్తాయి. పేజీకి రెండు మూడు వాక్యాలున్న బొమ్మల పుస్తకాలకు రంగు స్టిక్కరు అంటించి కింది అరలో పెట్టించండి. లైబ్రరీకి వచ్చే గ్రాంటు డబ్బుతో గైడ్లు మాత్రం కొననివ్వకండి!