పాత డీజిల్ పికప్ ఐడ్లింగ్‌లో ఎందుకు కుదుపుతుంది?

పాత డీజిల్ పికప్ ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, ఒకే లయలో కుదుపుతుంటే, చాలావరకు ఏదో ఒక సిలిండర్ సరిగా మండటం లేదని అర్థం. దాని వంతు వచ్చినప్పుడల్లా ఇంజిన్ తడబడుతుంది.

ముందు డీజిల్ ఫిల్టర్ మార్చి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ పంప్ కొట్టి గాలి తీయండి. తగ్గకపోతే, ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పైపు నట్లను గుడ్డ కప్పి ఒక్కొక్కటే అర చుట్టు వదిలి, మళ్లీ బిగించండి. ఉదాహరణకు 1, 2, 4 వదిలినప్పుడు శబ్దం మారి, 3 వదిలినా మారకపోతే లోపం మూడో సిలిండర్‌లోనే. ఆ ఇంజెక్టర్‌ను రెండోదానితో మార్చి చూడండి. లోపం దానితోపాటు రెండో సిలిండర్‌కు మారితే ఇంజెక్టర్ పోయినట్టు; మారకపోతే వాల్వ్ గ్యాప్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూడాలి.

కుదుపంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు పోయినట్టేనని చాలామంది దాన్నే ముందు విప్పిస్తారు. అది చివర్లో చూడాల్సింది. కామన్ రైల్ ఇంజిన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే రకం) మాత్రం ఈ ఇంజెక్టర్ పైపు నట్లు అస్సలు వదలకండి, వందల బార్ల ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది.